పెద్దమ్మ చూసిన ఫైనల్

కిందటి నెల పన్ను నొప్పి భరించలేక టి. నగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ముందు గదిలో పదిమందిమి దవడలు పట్టుకుని కూర్చున్నాం. గోడకు ఒక పెద్ద టీవీ, నోరు నొక్కేసి ఉంది. ఏ దేశంలోనో ఎవరో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. దాన్ని చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు, అందరి చూపూ డాక్టరుగారి తలుపు మీదే. నేను మాత్రం కాసేపట్లోనే నొప్పి సంగతి మరిచిపోయాను. తెల్లచొక్కాల జట్టులో ఒక మహాకాయుడు బుట్ట కింద పాతుకుపోయి నిలబడ్డాడు, కదలడే! అక్కడ మూడు సెకన్లకు మించి నిలబడకూడదని నియమం. "మూడు సెకన్లు దాటింది, విజిలెయ్యరేం?" అని పైకే అనేశాను. గదిలో ఉన్న పదిమందీ నావైపు తిరిగారు. పక్కనున్న అమ్మాయి మర్యాదగా నవ్వి, "మీరు ఆడేవారా ఆంటీ?" అని అడిగింది. "లేదమ్మా, కామెంటరీ చెప్పేదాన్ని" అన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి ఇంకేదో అడగబోయేలోగా నా పేరు పిలిచారు. ఆ తరవాత అరగంట సేపు నోరు తెరుచుకునే ఉన్నాను గానీ మాట్లాడే వీలు లేకపోయింది. ఆ పిల్లకు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను నెల్లూరు నుంచి మద్రాసు వచ్చింది టైపిస్టు ఉద్యోగానికి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. జార్జి టౌన్‌లో మా అమ్మ అక్కగారి ఇల్లు ఉండబట్టి నాన్న పంపడానికి ఒప్పుకున్నారు. ఎదురుగా చేతిబండి వస్తే మనిషి గోడకు అతుక్కుని దారివ్వాల్సినంత సన్నని సందు అది. ఇల్లు కూడా సందుకు తగ్గట్టే ఉండేది, వెడల్పు లేదు, లోతూ ఎత్తూ మాత్రం బోలెడు. కింద ముందు భాగంలో పెదనాన్న దుకాణం. గుండీలు, దారాలు, కొక్కేలు టోకున అమ్మేవారు. వెనక ఇల్లు. ఇంటి నడుమ చిన్న వాకిలి, దానికి పైకప్పు ఉండాల్సిన చోట మిద్దె మీద ఇనుప కమ్మీలు బిగించి ఉండేవి. ఎండా వానా కాకి రెట్టలూ ఆ కమ్మీల్లోంచే ఇంట్లోకి వచ్చేవి. పెద్దమ్మ కూతుళ్ళిద్దరూ అప్పటికే పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. పెదనాన్న మితభాషి. భార్యతో నేరుగా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. నేను వచ్చాక ఆయనకు మరీ సులువైపోయింది. "పాపా, మీ పెద్దమ్మను కాఫీ ఇమ్మను" అనేవారు, ఆవిడ మూడడుగుల దూరంలో కాఫీ కలుపుతుండగానే. నేను కూడా గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆఫీసులో మా సూపరింటెండెంటు నేను చెప్పింది వినపడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు. ఇలా ఆ ఇంట్లో మాట్లాడే బాధ్యత మొత్తం పెద్దమ్మ మీదే పడింది. ఆవిడ దాన్ని ఏ లోటూ లేకుండా నెరవేర్చేది.

ఇంటి వెనక గోడ దాటితే ఒక బడి మైదానం. అందులో సిమెంటు చేసిన బాస్కెట్‌బాల్ కోర్టు. హార్బరు దగ్గరి ఒక పెద్ద కంపెనీ జట్టు సాయంత్రాలు అక్కడ సాధన చేసేది. ఆటగాళ్ళకు కంపెనీలో ఉద్యోగాలు ఇచ్చి, పగలు ఒక పూట పని చేయించుకుని రెండో పూట ఆటకు వదిలేవారు. పెదనాన్నకు ఇది బొత్తిగా మింగుడు పడేది కాదు. "తాటిచెట్లంత మొగోళ్ళు బంతి కోసం కొట్లాడేది, దానికి ఒక ఉద్యోగం! ఎన్నా కాలమప్పా ఇది!" అనేవారు. పెద్దమ్మకూ మొదట్లో ఆ జట్టంటే పడేది కాదట. నేను రాకముందు ఒక వేసవిలో, మిద్దె మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల నడుమ ఆ బంతి వచ్చి పడింది. బంతి అడగడానికి వచ్చిన ఆటగాడు మా గుమ్మంలో సగానికి వంగి నిలబడ్డాడు. పెద్దమ్మ తమిళంలో మొదలుపెట్టిన తిట్లు కోపం ముదిరి తెలుగులోకి దిగాయి. అప్పుడతను నెమ్మదిగా, "అమ్మా, నాకు తెలుగు వస్తాది. మాది చిత్తూరు పక్క. ఇంతసేపూ మీరు తిట్టింది అంతా అర్థమయింది" అన్నాడట. పెద్దమ్మ నోట మాట ఆగిపోయిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. ఆవిడ బంతితో పాటు వేయించిన పాత వడియాలు కూడా ఇచ్చి పంపింది. అతని చొక్కా మీద పదకొండు అంకె ఉండేది. ఆ రోజు నుంచి ఆవిడకు అతను "మన పదకొండు".

నేను వచ్చేనాటికి పెద్దమ్మ ఆ ఆటలో పండితురాలు. బుట్టబంతి అనేది ఆవిడ. మిద్దె పిట్టగోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరుతూ చూసేది. చొక్కాల మీద అంకెలు నాలుగుతో మొదలవుతాయేమిటని ఆవిడకొక తీరని సందేహం ఉండేది. "ఒకటీ రెండూ మూడూ యాడికి పోయినాయి? పెండ్లికి పోయినాయా?" అని పదకొండునే అడిగింది. పాయింట్లూ తప్పులూ చూపించేటప్పుడు రిఫరీ వేళ్ళతో తికమక రాకుండా అలా పెట్టారని అతను చెప్పాడు. అప్పటి నుంచి వీధిలో ఎవరు దొరికితే వాళ్ళకు ఆ సంగతి చెప్పేది. మ్యాచ్ ఉన్న రోజు చుట్టుపక్కల మిద్దెల మీదికి కూడా ఆడవాళ్ళు వచ్చి చేరేవారు. మైదానానికి వెళ్ళేది మగవాళ్ళే. వెళ్ళకూడదని మాతో ఎవరూ అనలేదు, వెళ్ళొచ్చని కూడా ఎవరూ అనలేదు. అందువల్ల మా జట్టుకు రెండు రకాల జనం ఉండేవారు. కింద ఈలలు వేసే కొట్ల గుమాస్తాలు, బండ్లు లాగేవాళ్ళు, టీ కొట్టాయన. పైన మేము. సగం ఆట అయ్యాక పెద్దమ్మ ఇత్తడి బిందె నిండా అల్లం వేసిన నీళ్ళమజ్జిగను తాడు కట్టి గోడ అవతలికి దించేది. ఎదుటి జట్టు వాళ్ళు కూడా వచ్చి చెయ్యి చాపితే, "సెరి సెరి, తాగండి. ఓడిపోయే ముందు దాహం తీర్చుకోండి" అనేది.

నేను వెళ్ళిన రెండో ఏడు, వానలు తగ్గాక ఒక ఉదయం, మిద్దె మెట్లు కడుగుతూ పెద్దమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి, కట్లు, పుత్తూరు నుంచి తెప్పించిన నూనె, అన్నీ అయ్యాక, నడవగలదు కానీ మెట్లు ఎక్కడం ఇక కుదరదని తేలింది. వాకిట్లో ఒక బెంచీ మంచం వేసి ఆవిణ్ణి పడుకోబెట్టాం. నాకు ఎక్కువ భయం వేసింది ఆవిడ నొప్పికి కాదు, మాట తగ్గినందుకు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని పక్కకు జరిపేది. సాయంత్రం మైదానంలో విజిల్ వినపడగానే గోడవైపు తిరిగి పడుకునేది. పెదనాన్న దుకాణంలోంచి గంటకొకసారి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వెళ్ళాను. మ్యాచ్ జరుగుతోంది. మన పదకొండు సగం కోర్టు అవతల నుంచి విసిరిన బంతి బుట్టలో పడింది. జనం గోల. కింద నుంచి పెద్దమ్మ గొంతు, ఎన్నో వారాల తరవాత, కమ్మీల్లోంచి పైకి వచ్చింది. "ఏంది పాపా అది? ఎవురు ఏసినారు?" నేను కమ్మీల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "పదకొండు" అన్నాను. "వినపడలే! గట్టిగా చెప్పు!" "పదకొండు!" "యాడ నుంచి?" "చాలా దూరం నుంచి!" "దూరమంటే ఎట్లా? గీత అవతలా ఇవతలా?" అలా మొదలయింది నా కామెంటరీ. పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి చూడటం, కమ్మీల దగ్గరికి వచ్చి అరవడం. నాలుగు రోజులకు పక్క మిద్దె ఆవిడ సలహా మీద కమ్మీల పక్కన బల్ల వేసుకుని దాని మీద నిలబడ్డాను, రెండూ ఒక్కచోటి నుంచే అయ్యాయి. పెద్దమ్మ ప్రశ్నలు మామూలువి కావు. ఎవరు ఎవరికి అందించారు, ఎవరు అలిసిపోయి కనపడుతున్నారు, రిఫరీ ఎవరివైపు ఉన్నాడు, అన్నీ కావాలి. జవాబు చెప్పడం కోసం నేను ఆట నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి ఆఫీసులో మా సూపరింటెండెంటు చెవి దగ్గర చెయ్యి తీసేశాడు. ఈనాటి వరకు నలుగురిలో నిలబడి ఒక మాట చెప్పగలుగుతున్నానంటే ఆ కమ్మీల దగ్గర అరిచిన అరుపుల చలవే. పెద్దమ్మ మళ్ళీ మజ్జిగలో అల్లం సరిపోయిందో లేదో అడగడం మొదలుపెట్టింది. అన్నం కూడా సరిగా తినసాగింది.

ఆ ఏడు మా జట్టు గెలుస్తూ గెలుస్తూ పోయి, ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో జరిగే అఖిల భారత పోటీకి వెళ్ళింది. బయల్దేరే ముందు పదకొండు వచ్చి పెద్దమ్మ కాళ్ళకు మొక్కాడు. "ఫైనల్‌కి వస్తే టీవీలో చూపిస్తారంటమ్మా. చూడండి" అన్నాడు. మా సందులో టీవీ ఉన్నది ఒక్క ఎదురింటి టీచరమ్మ దగ్గరే. తమిళావిడ, ఒంటరి మనిషి. చెక్క తలుపులున్న నలుపు తెలుపు పెట్టె. శుక్రవారం పాటలకూ ఆదివారం సినిమాకూ సందంతా ఆవిడ హాల్లోనే ఉండేది. చెప్పులు బయట వరసగా విడవాలి, మధ్యలో మాట్లాడకూడదు, ఇవే ఆవిడ నియమాలు.

జట్టు ఫైనల్‌కి వచ్చింది. కానీ ఆ రోజు పేపర్లో టీవీ కార్యక్రమాలు చూసిన టీచరమ్మ మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చింది. ఫైనల్ జరిగే సమయానికి మద్రాసు నుంచి రైతుల కార్యక్రమం వేస్తారట, ఆట ఇక్కడ కనపడదు. ఫైనల్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది. పెద్దమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "టీవీ వాళ్ళకు అడ్రెసు ఉంటాది గదా?" అంది. ఉంటుంది అన్నాను. "అయితే కార్డు రాద్దాం. కనపడకపోతే అడగాల. అడగకుండా ఏడ్చేదెందుకు?" ఆవిడ చెప్పింది చెప్పినట్టు నేను రాశాను. నాకు ఇప్పటికీ దాదాపు కంఠస్థం. "టీవీ ఆఫీసు పెద్దలకు నమస్కారం. నాకు కాలు విరిగింది. మా జట్టు ఆట ఎప్పుడూ మా మిద్దె మీద నుంచి చూసేదాన్ని. ఇప్పుడు వాళ్ళు మిద్దె మీద నుంచి కూడా కనపడనంత దూరం పోయి ఆడతా ఉండారు. మీ మిద్దె మాకంటే చాలా ఎత్తని విన్నాను. దయచేసి మీరు చూసి, మాకు కూడా చూపించండి." టీచరమ్మ దాన్ని చదివించుకుని, అర్థం చెప్పించుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాసింది. మర్నాటికి సంగతి వీధంతా పాకింది. మిద్దెల మీది ఆడవాళ్ళు, టీ కొట్టాయన, గుమాస్తాలు తలా ఒక కార్డు రాశారు. రాయడం రానివాళ్ళకు టీ కొట్టు బల్ల మీద కూర్చుని టీచరమ్మ రాసిపెట్టింది. కార్డులన్నీ పోస్టు చేస్తే అందుతాయో లేదోనని, ఒక గుమాస్తా సంచిలో వేసుకుని బస్సెక్కి స్వయంగా ఇచ్చి వచ్చాడు. వాటి మధ్యలో పెదనాన్న చేతిరాతతో ఒక కార్డు ఉందని అతనే నాకు తరవాత చెప్పాడు. అందులో ఏం రాశారో మాత్రం చెప్పలేదు.

జవాబేమీ రాలేదు. అయినా ఫైనల్ రోజు సాయంత్రం పెద్దమ్మ జరీ చీర కట్టుకుని సిద్ధమయింది. ఎనిమిది నెలల తరవాత గడప దాటడం. దుకాణం మనుషులిద్దరు ఆవిణ్ణి కుర్చీతో సహా ఎత్తి సందు దాటించారు. బండ్లు రెండు వైపులా ఆగిపోయాయి. టీచరమ్మ గుమ్మంలోకి ఎదురు వచ్చి, "వాంగమ్మా, వాంగ" అని చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు కూర్చోబెట్టింది. టీవీ తలుపులు తెరిచింది. రైతుల కార్యక్రమమే వచ్చింది. అరటి ఆకులకు వచ్చే తెగులు గురించి ఒక పెద్దమనిషి ఓపిగ్గా చెబుతున్నాడు. హాలంతా మెటికలు విరుచుకునే చప్పుడు. ఒకరిద్దరు లేచారు కూడా. పెద్దమ్మ వెనక్కి తిరిగి, "కూర్చోండయ్యా. ఆయనా కష్టపడే చెప్తా ఉండాడు పావం, విందాం" అంది. అందరం కూర్చుని అరటి తెగులుకు మందు తెలుసుకున్నాం. అది అయిపోయాక ఒక అమ్మాయి తెర మీదికి వచ్చి తమిళంలో, ప్రేక్షకుల కోరిక మేరకు ఇప్పుడు అఖిల భారత బాస్కెట్‌బాల్ ఫైనల్ రెండో సగం ప్రత్యక్షంగా చూడవచ్చు అంది. ఆ గదిలో పుట్టిన అరుపు రైతుల కార్యక్రమం ఆయనకు కూడా వినపడి ఉంటుంది.

అరుపు ఆగేలోపే బొమ్మ పోయింది. తెరంతా ఈగలు. హార్బరు గాలికి ఏరియల్ తిరిగిపోయింది. ఎవరు వెళ్తారు, ఆట వదులుకుని? గుమ్మంలో అంతసేపూ ఒంటికాలి మీద నిలబడి ఉన్న పెదనాన్న పంచె ఎగగట్టి మెట్లెక్కారు. పైన కడ్డీ కిర్రుమంది. తెర మీద మసకగా మనుషులు కదిలారు. "ఆపు! ఆడే ఆపు!" అని అరిచాం. ఆయన పట్టుకున్న చెయ్యి వదిలితే చాలు, బొమ్మ పోతోంది. అలా ఆ రెండో సగం అంతా పెదనాన్న టీచరమ్మ మిద్దె మీద ఏరియల్ కౌగిలించుకుని నిలబడిపోయారు. మా జట్టు చాలా వెనకబడి ఉంది. పదకొండు మొహం దగ్గరగా చూపించారు. మిద్దె మీద నుంచి ఇన్నేళ్ళూ నెత్తులే చూసిన పెద్దమ్మ, "చూడు పాపా, ఆడేటప్పుడు నాలిక కరుచుకుంటాడే వీడు!" అని మురిసిపోయింది. ఒక్కొక్క బుట్టా వేస్తూ దగ్గరికి వస్తున్నారు మావాళ్ళు. ఉన్నట్టుండి పైనుంచి పెదనాన్న గొంతు వినపడింది. "ఏమే! ఎంతయిందే?"

పాపా, మీ పెద్దమ్మను అడుగు, అనలేదు. ఆవిణ్ణే అడిగారు. హాల్లో అందరం విన్నాం. పెద్దమ్మ కుర్చీ చేతుల మీద ఆనుకుని, మెట్లవైపు తిరిగి, ఆ సందంతా వినపడేలా చెప్పింది. "ఇంకా ఆరు ఎనకుండాం! నువ్వు కదలబాకు!" నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. ఆ సాయంత్రం కామెంటరీ నాది కాదు. చివరి దాకా ఆవిడే చెప్పింది. పదకొండు వేసినాడయ్యా, నాలుగుండాది, వాళ్ళు తప్పు చేసినారు, మనకు రెండు ఫ్రీ త్రోలు, ఒకటి పడింది, అయ్యో రెండోది పోయింది. ఆయన పైనుంచి, "వాడు అన్నం తినలేదేమో!" అంటే ఈవిడ కింద నుంచి, "నేనూ అదే అనుకుంటా ఉండా!" అంది. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. హాల్లో ఎవరూ లేవలేదు. టీచరమ్మ టీవీ తలుపులు మూసి, అందరికీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. పెదనాన్న చేతులకు తుప్పు అంటుకుని కిందికి వచ్చారు. పెద్దమ్మ తన కొంగుతో ఆయన అరచేతులు తుడిచింది, అందరి ముందే. "పోనీలేవే. ఆడదాకా పోవడమే గొప్ప" అన్నారాయన.

జట్టు తిరిగి వచ్చిన సాయంత్రం, రైలు దిగి సామాన్లతో సహా మా ఇంటికే వచ్చారు. పన్నెండుమంది వంగి వంగి గుమ్మం దాటి వాకిట్లో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రావడం ఆగిపోయింది. పదకొండు తల దించుకుని, "ఓడిపోయినామమ్మా" అన్నాడు. "చూసినా గదా! కడాకు బంతి ఆ తొమ్మిదికి ఇచ్చి ఉండాల్సింది, వాడి పక్కన ఎవురూ లేరు" అంది పెద్దమ్మ. పన్నెండుమందీ ఒక్కసారి నవ్వారు. అప్పుడతను చెప్పాడు. సగం ఆట దగ్గర వాళ్ళు చేతులెత్తేసి కూర్చున్నారట. మద్రాసులో చూపిస్తున్నారని ఎవరో వచ్చి చెప్పారట. "అమ్మ చూస్తా ఉంటాది, లేవండిరా, అన్నానమ్మా. ఆ తరవాత మేమెట్లా ఆడినామో మాకే తెలీదు." పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. పెదనాన్నే లోపలికి వెళ్ళి మజ్జిగ బిందె తెచ్చారు.

మా కార్డుల వల్లే ఆట చూపించారా, లేక వాళ్ళకు వేరే కారణం ఏమైనా ఉందా, నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆ స్టేషన్‌లో ఎవరో ఒకరు ఒక కార్డు చదివి ఉంటారని నమ్ముతాను, ఆ పేరు తెలియని మనిషికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. తరవాతి ఏడు పోటీలు మొదలైన రోజు పెదనాన్న తనే పెద్దమ్మ కుర్చీ మోయించుకుని మైదానానికి తీసుకెళ్ళారు. గీత పక్కన మొదటి వరసలో వేశారు. ఆవిడ వెంట నేను వెళ్ళాను. రెండో మ్యాచ్‌కి పక్క మిద్దెల ఆడవాళ్ళు వచ్చారు, టీచరమ్మ గొడుగుతో సహా వచ్చింది. ఆ సీజను ముగిసేసరికి మిద్దెలన్నీ ఖాళీ, మేమంతా కిందే. పెద్దమ్మ మరో ఆరేళ్ళు అలా కూర్చుని చూసింది. ఆవిడ పోయిన రోజు పాడె మోసినవాళ్ళలో ముగ్గురు ఆ జట్టువాళ్ళు. ఆ తరవాత పెదనాన్న ఒక్కరే వెళ్ళి కూర్చునేవారు, కంపెనీ ఆ జట్టును ఎత్తేసేదాకా.

బాస్కెట్‌బాల్‌లో విజిల్ మోగినప్పుడల్లా గడియారాన్ని ఆపుతారు, అందరూ ఊపిరి పీల్చుకున్నాకే మళ్ళీ నడిపిస్తారు. మన రోజులకు అలా ఆపి నడిపేవాళ్ళు లేరు గనుక, వాటిని మనసారా చూసుకోవాలంటే ఇలా దాటి వచ్చాకే వీలవుతుందేమో.